48 గంటల్లో ఒక కాలువ



బంటుమిల్లిలో కాలువ గట్టు పక్కన ఒక మేడగదిలో ముగ్గురు పిల్లలు తయారుచేసిన వీడియో గేమ్ గురించి ఈ పూట మాట్లాడతాను. వీడియో గేమ్ అన్న మాట చెవిన పడగానే పెద్దవాళ్లు కొందరు స్టేషన్ మార్చేస్తారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. ఈ ఆటలో తుపాకులు లేవు. షట్టర్లున్నాయి, తూములున్నాయి, వంతు నీళ్లున్నాయి, ఆయకట్టు శివారు రైతు పడే పాట్లున్నాయి.

ముందు గేమ్ జామ్ సంగతి చెప్పాలి. ఇంత గడువని పెట్టి, ఆ గడువులోపు మొదటి నుంచి చివరి దాకా ఒక ఆట తయారుచేసి పంపమంటారు. గడువు ఎక్కువగా 48 గంటలు. ఆట దేని గురించి ఉండాలన్నది గడువు మొదలైన క్షణాన చెబుతారు, అంతకుముందు చెప్పరు. చాలా జాముల్లో నగదు బహుమతులేవీ ఉండవు. లూడమ్ డేర్ అనే జామ్ 2002లో మొదలైంది. గ్లోబల్ గేమ్ జామ్ 2009 జనవరిలో మొదలైంది. ఇప్పుడది ఏటా ఎన్నో దేశాల్లో ఒకేసారి జరుగుతుంది. 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో ఇతివృత్తంగా ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఒక శబ్దం వినిపించారు: గుండె చప్పుడు. దాని మీద ఆట చేయమన్నారు. అదే ఏడాది ఆగస్టులో లూడమ్ డేర్ వాళ్లిచ్చిన ఇతివృత్తం ‘పది సెకన్లు’.

మా పిల్లలు చేరిన జామ్ ఒక చిన్న ఆన్‌లైన్ జామ్. ఇతివృత్తం ‘కాలం’. ఆట తీరు మాత్రం ముందే చెప్పారు, ప్లాట్‌ఫామ్ గేమ్ కావాలని. అంటే బొమ్మ పరుగెడుతుంది, దూకుతుంది, ఒక అరుగు మీది నుంచి ఇంకో అరుగు మీదికి వెళుతుంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గుర్తుందా? టీవీకి తగిలించే కాసెట్ల పెట్టెలో మీ పిల్లలు ఆడిన మీసాలాయన ఆట? అదే ఈ జాతికి పెద్దన్న.

మా జట్టులో ఇద్దరు పాలిటెక్నిక్ కుర్రాళ్లు, బొమ్మలు బాగా వేసే ఒక ఇంటర్మీడియట్ అమ్మాయి. మేడగది ఆ అమ్మాయి వాళ్లది. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి నన్ను పెద్దరికానికి కూర్చోబెట్టారు. నేను చేసిన పనల్లా వద్దు అనడం. 48 గంటల పనిలో ఆ ఉద్యోగానికీ ఒక మనిషి కావాలి లెండి. జామ్ పెట్టినవాళ్లు అమెరికావాళ్లు. వాళ్ల శుక్రవారం సాయంత్రం మనకు శనివారం తెల్లవారుజాము. అలారం పెట్టుకుని లేచి, ‘కాలం’ అన్న మాట చూసి, నలుగురం టీ తాగుతూ ఆలోచనలో పడ్డాం.

కాలం అనగానే ఎవరికైనా మొదట తట్టేది వెనక్కి తిప్పడం. కుర్రాళ్లిద్దరూ ఒక్క నోటితో అదే అన్నారు. బొమ్మ గోతిలో పడితే ఒక మీట నొక్కాలి, పడిన బొమ్మ వెనక్కి నడిచి గట్టెక్కాలి. ఈ పని చేయించడం వినడానికి మాయగా ఉంటుంది గానీ లెక్క చిన్నదే. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ బొమ్మ ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది, ఎటు తిరిగి ఉంది అన్న అయిదు అంకెలు ఒక పట్టీలో రాసుకుంటూ పోవాలి. పది సెకన్లకు 600 వరసలు, 3,000 అంకెలు. అంకెకు నాలుగు బైట్లు వేసుకున్నా మొత్తం 12,000 బైట్లు. మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోలో వందో వంతు కూడా కాదు. వెనక్కి వెళ్లడమంటే ఆ పట్టీని చివరి నుంచి చదవడం, అంతే.

కానీ ఇది జోనాథన్ బ్లో 2008లోనే ‘బ్రెయిడ్’ అనే ఆటలో చేసి చూపించాడు. వట్టి వెనక్కి తిప్పడం కాదు. అందులో కొన్ని వస్తువులు ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. లోకమంతా వెనక్కి పోతున్నా అవి పోవు. ఒక తాళంచెవి గోతి అడుగున ఉందనుకోండి. దిగి తీసుకుని, పైకి రాలేక కాలాన్ని వెనక్కి తిప్పితే మీరు పైకి వస్తారు, చెవి కూడా మీతోనే వస్తుంది. ఆ చిక్కుముళ్లకు ఆయన ఏళ్లు వెచ్చించాడు. రెండు రోజుల్లో మనం చేసేది దాని నకలు అవుతుంది, అదీ నాసిరకం నకలు. వద్దన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. కాలం ఇతివృత్తమైన జామ్‌కు వచ్చే ఆటల్లో సగం దీని మీదే ఉంటాయి. మనకు మొదట తట్టింది ఊరందరికీ తట్టే ఉంటుంది.

రెండోది గడియారం. తెర మూల ఒక అంకె పెట్టి దాన్ని తగ్గిస్తూ పోవడం. మారియోలోనూ అది ఉంది. మొదటి దశలో 400 నుంచి తగ్గుతుంది. తమాషా ఏమిటంటే ఆ అంకెలు సెకన్లు కావు. ఒక్కొక్కటి సెకనులో అయిదింట రెండు వంతులే ఉంటుంది. అంటే 400 అంటే రెండు నిమిషాల నలభై సెకన్లు. వందకు దిగగానే పాట వేగం పెరుగుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. జోర్డన్ మెక్నర్ 1989లో తెచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో మొత్తం ఆటకే ఒక గంట గడువు. గంటలో రాకుమారిని విడిపించాలి. ఆ ఆట గురించి పిల్లలకు నేను చెప్పింది మాత్రం గడియారం సంగతి కాదు. మెక్నర్ పనిచేసిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో మెమరీ అయిపోయింది. కొత్త శత్రువు బొమ్మకు చోటు లేదు. అప్పుడాయన హీరో బొమ్మనే రవ్వంత పక్కకు జరిపి, దాని మీద దాన్నే వేసి తారుమారు చేశాడు. మెరిసిపోయే నీడమనిషి ఒకడు పుట్టుకొచ్చాడు. ఆ ఆటలో జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆ నీడమనిషి గురించే. చోటుండి ఉంటే మామూలు రాక్షసుణ్ణి ఒకణ్ణి గీసి ఊరుకునేవాడు.

తెర మూల అంకె నాకు నచ్చలేదు. ఆటగాడు అంకె వంకే చూస్తాడు, ఆట వంక చూడడు. కాలం అనేది కాళ్ల కింద ఉండాలి.

అప్పుడు ఒక కుర్రాడు ఉప్పెన అన్నాడు. సముద్రం వెనక నుంచి తరుముకొస్తుంటే పరుగెత్తే ఆట. చేయడం తేలిక, భయం గ్యారంటీ. దానికి మాత్రం నేను గట్టిగానే అడ్డం పడ్డాను. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. అంతకుముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుందని చెబుతారు. అవనిగడ్డ వైపు ఇళ్లలో ఇవాళ్టికీ ఆ నవంబరు పేరెత్తితే మాట ఆగిపోయే ముసలివాళ్లున్నారు. దాని మీద ఆట చేయకూడదని నేననను. చేసేవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని, అడిగి, విని చేయాలి. రెండు రోజుల సరదాలో ఆ కెరటాన్ని గడియారంగా వాడుకోవడం మర్యాద కాదు.

ఇంత మాట్లాడేసరికి తెల్లారింది. కిటికీలోంచి కాలువ కనిపిస్తోంది. జులై నెల. నీళ్లు వదిలారని పేపర్లో వచ్చింది, మాకింకా రాలేదు. బొమ్మలేసే అమ్మాయి కాలువ వంక చూసి, “మాస్టారూ, అక్కడ వదిలితే ఇక్కడికి ఎప్పటికో వస్తాయి కదా, అది కాలం కాదా?” అంది.

ఆ ఒక్క ప్రశ్నతో ఆట దొరికింది.

డెల్టా బయటి శ్రోతల కోసం కొంచెం చెబుతాను. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. అక్కడి నుంచి తూర్పు డెల్టా కాలువల్లో నీళ్లు వాటంతటవే పల్లానికి పారుతూ రావాలి. నేల వాలు చాలా తక్కువ కాబట్టి పారుదల నిదానం. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వాళ్లది శివారు భూమి. పైన గుడివాడ వైపు నాట్లు పడుతుంటే ఇక్కడ ఇంకా ఆకాశం వంక చూస్తుంటారు. వంతులు పెడతారు. వంతు ముగిసేలోపు నీళ్లు చేలో పడితే పడ్డట్టు, లేకపోతే ఆయిల్ ఇంజన్లు పెట్టి మురుగు కాలువలోంచి తోడుకోవడమే. అంటే ఇక్కడి రైతుకు కాలం అన్నది గోడ మీద గడియారం కాదు. పైన ఎవరో చేసిన పనికి కింద ఫలితం రావడానికి మధ్య పట్టే వ్యవధి.

ఆట ఇలా కట్టుకున్నాం. ఒక పొడవాటి కాలువ. ఎడమ కొసన పెద్ద షట్టరు, కుడి కొసన శివారు చేను. మధ్యలో మూడు తూములు, వాటి వెనక మూడు చేలు. ఒక పిల్ల షట్టరు తిప్పి గట్టు వెంట పరుగెడుతుంది. దారిలో గట్టుకు గండ్లున్నాయి. కాలువ అడుగున తాటి దోనెలు బోర్లా పడి ఉన్నాయి. నీళ్లొస్తేనే దోనెలు తేలతాయి, తేలితేనే వాటి మీదుగా గండి దాటగలదు. కాబట్టి నీళ్లకంటే ముందు పరుగెత్తి లాభం లేదు. వెనకబడితే వంతు అయిపోతుంది.

నీళ్లను గీయడం మొదలుపెట్టినప్పుడు కుర్రాళ్లు ఒక నీలం రంగు గోడను ఎడమ నుంచి కుడికి జరిపారు. ఆ అమ్మాయి వాళ్ల తాతయ్య టీ గ్లాసుల కోసం పైకి వచ్చి తెర వంక చూశారు. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. షట్టర్లు ఎత్తడం దించడం, గట్టు మీద తిరిగి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూడడం ఆయన పని. కాసేపు చూసి, “గోడలాగా వచ్చేది ఉప్పెన, అమ్మాయ్. కాలువ నీళ్లు అట్టా రావు” అన్నారు.

మరెట్లా వస్తాయి తాతయ్యా అని కూర్చోబెట్టి అడిగాం. ఎండాకాలమంతా ఎండిన కాలువ అడుగు నెర్రెలిచ్చి ఉంటుంది. నీళ్లు వదలగానే ఆ నెర్రెలు తాగుతాయి. తాగినంత సేపూ నీరు ముందుకు కదిలినట్టే ఉండదు. ముందు మట్టి రంగు మారుతుంది. తరవాత ఎండుటాకులు, నురగ, ప్లాస్టిక్ గ్లాసులు, గుర్రపుడెక్క ముక్కలు కలగలిసి ఒక చెత్త వరస నెమ్మదిగా పాక్కుంటూ వస్తుంది. దాని వెనక బురద నీరు. అసలు నీరు తేట పడేది మర్నాటికి. ఇదంతా ఆయన చేత్తో గాలిలో చూపిస్తూ చెప్పారు. ఆ చేతి కదలికను అమ్మాయి కాగితం మీద గీసుకుంది.

ఆ తరవాత నీలం గోడ తీసేశారు. కాలువను 240 నిలువు గళ్లుగా కోశారు. గడికి రెండు అంకెలు: ఒకటి దాని దాహం, రెండోది దానిలో నిలిచిన నీరు. పక్క గడిలో నీరు ఎక్కువుంటే కొంత ఇటు జారుతుంది. జారిన నీటిని ముందు దాహం మింగుతుంది. దాహం తీరాకే నీరు నిలుస్తుంది, నిలిచాకే ముందుకు పోతుంది. ప్రోగ్రాములో ఇది పాతిక వరసలు కూడా కాలేదు. కానీ ఆడించి చూస్తే నీళ్లు తాతయ్య చెప్పినట్టే వచ్చాయి. ఒక చోట ఆగి, తాగి, మళ్లీ కదిలి. పిల్ల అర నిమిషంలో పరుగెత్తగల దూరానికి నీళ్లకు నిమిషమున్నర పట్టింది.

దూకుడు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ ప్లాట్‌ఫామ్ గేమ్‌కు ప్రాణమంతా అక్కడే ఉంది. ఎంత ఎత్తు దూకాలి, ఎంతసేపట్లో కొసకు చేరాలి అన్న రెండూ ముందు అనుకోవాలి. మిగతాది హైస్కూలు భౌతికశాస్త్రమే. మేం ఎత్తు 48 పిక్సెళ్లు అనుకున్నాం, పైకి చేరడానికి సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, 0.35 సెకను. ఎత్తును రెండింతలు చేసి సమయంతో భాగిస్తే మొదటి వేగం వస్తుంది, సెకనుకు 274 పిక్సెళ్లు. దాన్నే మళ్లీ సమయంతో భాగిస్తే గురుత్వాకర్షణ, 784. ఈ లెక్క తెలియనివాళ్లు అంకెలు మార్చి మార్చి రాత్రంతా దూకిస్తూ కూర్చుంటారు. క్లాసులో ఇదే సూత్రం బోర్డు మీద రాసినప్పుడు ఆవలించిన కుర్రాడు, ఆ రోజు నా చేతిలో కాగితం లాక్కుని తనే చేశాడు.

లెక్క సరిపోయినా మనిషికి సరిపోదు. పక్కింటి చిన్నవాణ్ణి పిలిచి ఆడించాం. గట్టు అంచుదాకా పరుగెత్తి, అంచు దాటిన తరవాత మీట నొక్కుతాడు. దబ్బున పడతాడు. “నేను నొక్కాను, అది ఎగరలేదు” అని ఏడుపు మొహం పెట్టాడు. వాడి మాట అబద్ధం కాదు. చేతి వేలికి ఆ అంచు ఇంకా అయిపోలేదు. అందుకని అంచు దాటాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకనిస్తారు. ఆట తయారీదార్లు దీన్ని కయోటీ టైమ్ అంటారు, కొండ అంచు దాటి గాలిలో పరుగెత్తే కార్టూన్ నక్క పేరు మీద. ఆ పదో వంతు సెకను పెట్టగానే చిన్నవాడికి ఆట వచ్చేసింది. వాడికి మాత్రం తేడా ఏమిటో తెలియలేదు.

ఆ చిన్నవాడి దగ్గరే ఇంకొకటి తెలిసింది. షట్టరు తిప్పాడు. ఏమీ జరగలేదు. మళ్లీ తిప్పాడు. కట్టేశాడు. ఆట పాడైపోయిందన్నాడు. ఫలితం ఆలస్యంగా రావడమే మా ఆట, కానీ వస్తోందన్న జాడ లేకపోతే ఆడేవాడు నమ్మడు. జాడ ఏం పెట్టాలి? బాణం గుర్తు పెడదామని ఒకరు, గీత పెడదామని ఇంకొకరు. అమ్మాయి మాత్రం కొంగలన్నది. కొత్త నీళ్లు పారుతుంటే పురుగుల కోసం కొంగలు ఆ అంచునే దిగుతాయి, దానితో పాటే నడుస్తాయి. గట్టు మీద మనిషి దూరం నుంచే కొంగలను చూసి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతాడు. తెర మీద నాలుగు తెల్ల కొంగలను పెట్టాం. నీటి అంచు ఎక్కడుంటే అవి అక్కడ వాలతాయి. దీనికి ఒక్క మాట కూడా వివరణ రాయనక్కర లేకపోయింది. నా దృష్టిలో ఆ ఆటలో అన్నిటికంటే మంచి ఆలోచన అదే.

రాత్రి ఒక తంటా వచ్చింది. ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో నీళ్లు తొందరగా వస్తున్నాయి, ఇంకొకడి దాంట్లో ఆలస్యంగా. కారణం మామూలే. నీటిని ఇంత సమయానికి ఇంత అని జరపకుండా, తెర మారిన ప్రతిసారీ ఇంత అని జరిపితే, తెర సెకనుకు 144 సార్లు మారే ఖరీదైన యంత్రంలో నీళ్లు పరుగెడతాయి, 60 సార్లు మారే దాంట్లో నడుస్తాయి. “డబ్బున్నోడి చేలో ముందు పారుతున్నయ్‌రా నీళ్లు” అని పాత ల్యాప్‌టాప్ కుర్రాడు అంటే మేడంతా నవ్వు. మేం వాడిన గోడో అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి మందు సిద్ధంగానే ఉంది. తెర సంగతి ఎలా ఉన్నా సెకనుకు 60 సార్లు మాత్రమే నడిచే గది ఒకటి అందులో వేరుగా ఉంటుంది. నీటిని ఆ గదిలోకి మార్చారు. గోడో గురించి తెలియనివాళ్లకు: అది ఉచితం. 2014 నుంచి దాని మూలం అందరికీ తెరిచి ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

వంతు అయిపోయిందని ఆటగాడికి ఎలా చెప్పాలి? అంకె వద్దనుకున్నాం కదా. గట్టు వెంట లస్కరు సైకిలు మీద వస్తాడు. ఆయన షట్టరు దగ్గరికి చేరితే వంతు ముగిసినట్టే, షట్టరు దించేస్తాడు. సైకిలు బెల్లు దూరం నుంచి వినిపిస్తుంది, దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతుంది. తాతయ్య ఇది ఆడించి చూపించమన్నారు. చూసి, “జులైలో గట్టు మీద ఆ వేగంతో తొక్కితే కాలువలో ఉంటాడు” అని తీర్పిచ్చారు. “పైగా దారిలో ఎవరూ పలకరించరా ఆ మనిషిని?” అన్నారు. అందుకని సైకిలు నిదానించింది. రెండు చోట్ల లస్కరు కాలు కింద పెట్టి, ఎవరో రైతుతో మాట్లాడి, మళ్లీ తొక్కుతాడు. ఎంతసేపు మాట్లాడతాడో ప్రతి ఆటకూ మారుతుంది. గడియారానికి ఆ గుణం ఉండదు. బెల్లు ఆగినప్పుడు ఆడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడం నేను కళ్లారా చూశాను.

స్కోరు దగ్గర కాసేపు గొడవ జరిగింది. పిల్ల దారిలో తూములు మూసుకుంటూ పోతే శివారు చేనికి నీళ్లు త్వరగా అందుతాయి. కానీ ఆ మూడు చేలు ఎండిపోతాయి. నాలుగు చేలల్లో పారిన నీరంతా కూడి స్కోరు వేద్దామని ఒక మాట. అలా అయితే ఒక చేను నింపి మూడు ఎండబెట్టినా లెక్క సరిపోతుంది. చివరికి ఇలా నిర్ణయించారు: నాలుగు చేలల్లో అన్నిటికంటే తక్కువ నీరు ఏ చేనికి అందిందో అదే స్కోరు. ప్రోగ్రాములో ఒక్క వరస మార్పు. దానితో ఆట మొత్తం మారిపోయింది. తూము మూయడం తప్పు కాదు, తెరవడం మరిచిపోవడం తప్పు. పైవాడికి సరిపడా పారనిచ్చి, వెంటనే మూసి, నీళ్లతో పాటు ముందుకు నడవాలి.

వదిలేసినవి చాలా ఉన్నాయి. పగలూ రాత్రీ మారడం, చేపల చెరువులు, ఉప్పుటేరులో పోటెక్కినప్పుడు ఉప్పు నీరు పైకి ఎగదన్నడం, నీటికట్టె పాములు, ఎండ్రకాయలు. పోటు–పాటు తీసేయడం మాత్రం నాకు కష్టమనిపించింది. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంతకంటే మంచి కాలయంత్రం ఏముంది? కానీ ఆదివారం మధ్యాహ్నానికి కాలువే సరిగా పారడం లేదు, ఇంక సముద్రం ఎక్కడ. అది వేరే ఆట. జామ్‌లో పుట్టినవి తరవాత పెరగవచ్చు కూడా. ‘సెలెస్ట్’ అనే పేరున్న ఆట మొదట నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆటే, పూర్తి రూపంలో 2018లో వచ్చింది. కదిలితేనే కాలం కదిలే ‘సూపర్‌హాట్’ కూడా 2013లో ఒక ఏడు రోజుల పందెంలో మొలకెత్తింది.

సంగీతానికి ఎవరూ లేరు. ఫోన్ పట్టుకుని గట్టు మీదికి వెళ్లి ఒక రైతు ఆయిల్ ఇంజను చప్పుడు రికార్డు చేసుకొచ్చారు. డబ్ డబ్ డబ్ అనే ఆ దరువు మీదే ఆట అంతా నడుస్తుంది. రాత్రి కప్పల అరుపు కూడా దొరికింది, నీళ్లు నిలిచిన గళ్ల దగ్గర అది వినిపిస్తుంది. కరెంటు రెండుసార్లు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆట ఎక్కించాం, గడువుకు ముందే. ఎన్నో స్థానం వచ్చిందని అడుగుతారేమో, మధ్యలో ఎక్కడో వచ్చింది. దాని గురించి ఎవరికీ పెద్ద బాధ లేదు.

తాతయ్యకు కీబోర్డు అలవాటు లేదు. మనవరాలు ఆడుతుంటే పక్కన కూర్చుని, ఇప్పుడు మూయి, ఇప్పుడు తెరువు అని చెబుతూ ఆడించారు. కుర్రాళ్లిద్దరూ రాత్రంతా ఆడి తెచ్చిన స్కోరును మొదటి ఆటలోనే దాటించారు. సర్వీసు ఉన్న మనిషి మరి.

ఇక ఈ ప్రాంతపు హెడ్మాస్టర్లకు, కాలేజీల కంప్యూటర్ ల్యాబుల ఇన్‌చార్జీలకు ఒక మనవి. గ్లోబల్ గేమ్ జామ్ ఏటా జనవరి చివర్లో జరుగుతుంది, సంక్రాంతి సందడి సద్దుమణిగిన తరవాత. పెడన, బంటుమిల్లి, గూడూరు, ఘంటసాల, ఎక్కడైనా సరే, ఆ శని ఆదివారాలు మీ ల్యాబును పిల్లలకు తెరిచి ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. కరెంటు, టీ, రాత్రి కాపలాకు ఒక మాస్టారు ఉంటే చాలు. ఆట చేయడానికి వచ్చే పిల్లల్లో బొమ్మలేసేవాళ్లను, పాట కట్టేవాళ్లను, ఊరి సంగతులు తెలిసినవాళ్లను కూడా రానివ్వండి, ప్రోగ్రాములు రాసేవాళ్లను మాత్రమే కాదు. వీలైతే ఒక రిటైరైన లస్కరును కూడా పిలవండి.